ఓడినవాళ్ళే ముందు ఫోన్ చేయాలి

నవంబరు చివరి శనివారం వచ్చిందంటే ఆ రాత్రి మా ఇంట్లో లైటు ఆరదు. తల్లాడలో పదింటికల్లా షట్టర్లు పడిపోతాయి. సత్తుపల్లి వైపు వెళ్ళే లారీల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. ఆ టైములో మా వంటింట్లో టీ గిన్నె పొయ్యి మీద ఉంటుంది. పక్కింటి వదిన మొదట్లో కంగారుపడి వచ్చి అడిగేది, "ఏంది వదినా, ఒంట్లో బాగలేదా?" అని. ఇప్పుడు అడగడం మానేసింది. "మీ పిల్లల బంతాటనా?" అని నవ్వి వెళ్ళిపోతుంది.

అవును, మా పిల్లల బంతాటే. వాళ్ళు ఆడరు, చూస్తారంతే. మా అబ్బాయి చదివిందేమో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ. మా అమ్మాయి చదివిందేమో మిషిగన్ యూనివర్సిటీ. అమెరికాలో ఎవరైనా తెలిసినవాళ్ళకి ఈ రెండు పేర్లూ కలిపి చెప్పి చూడండి, "అయ్యో, ఒకే ఇంట్లోనా?" అంటారు. ఆ రెండు కాలేజీల ఫుట్‌బాల్ జట్లూ 1897 నుంచీ తలపడుతున్నాయి. అక్కడ దాని పేరే "ది గేమ్". ఇంకే వివరమూ అక్కర్లేదన్నమాట.

మనం అనుకునే ఫుట్‌బాల్ కాదది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. మొదటిసారి టీవీలో చూసి, "కబడ్డీకి బంతి ఇచ్చినట్టుందిరా" అన్నారు మా వారు. ఇప్పటికీ నాకు అంతకన్నా బాగా అర్థం కాలేదు. కానీ ఆ ఆట వెనకాల ఉన్న తగాదా మాత్రం వెంటనే అర్థమైంది. 1835లో టొలీడో అనే ఊరి చుట్టుపక్కల భూమి మాదంటే మాదని ఒహాయో వాళ్ళూ మిషిగన్ వాళ్ళూ తుపాకులు పట్టుకుని పొలిమేర దాకా వచ్చారట. చివరికి టొలీడో ఒహాయోకి పోయింది. బదులుగా మిషిగన్‌కి ఉత్తరాన పెద్ద అడవి ప్రాంతం ఇచ్చి, 1837లో రాష్ట్రంగా చేర్చుకున్నారు. గట్టు తగాదాలు చూసిన ఊళ్ళో పుట్టినదాన్ని, ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పాలా?

రంగులు కూడా నాకు తెలిసినవే. ఒహాయో వాళ్ళది ఎరుపు, బూడిద రంగు. మిషిగన్ వాళ్ళది నీలం, మొక్కజొన్న రంగు. నిజంగానే ఆ పసుపుని వాళ్ళు "మొక్కజొన్న" అనే పిలుస్తారు. మా పొలంలో ఒక కళ్ళంలో మిరప, ఇంకో కళ్ళంలో మొక్కజొన్న ఆరబోసిన రోజులున్నాయి. "ఒకడు మిర్చి పార్టీ, ఒకతి మక్కల పార్టీ" అనేవారు మా వారు. మీదే పార్టీ అని పిల్లలు నిలదీస్తే, "నేను ఎరువుల కొట్టోణ్ణి, రెండు పంటలకీ అమ్ముకోవాలె" అని తప్పించుకునేవారు.

ఈ పిచ్చి పిల్లలకి అమెరికాలో అంటిందని మా బంధువులు అనుకుంటారు. నేను మాత్రం దీని మొదలు తల్లాడలోనే ఉందంటాను. అది మా నాన్నతో మొదలైంది.

మా నాన్న 1957లో బి.ఏ. చదవడానికి ఉస్మానియాకి వెళ్ళారు. ఖమ్మంలో రైలెక్కి సికింద్రాబాదులో దిగిన పల్లెటూరి కుర్రాడికి ఆ ఊళ్ళో మొదట నచ్చింది ఆర్ట్స్ కాలేజీ రాతి మెట్లు కాదట, ఫుట్‌బాల్ అట. అవి హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి బంగారు రోజులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచి ఉంది. ఆ జట్టుకీ, దేశం జట్టుకీ కూడా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన స్కూలు టీచరుగా పనిచేసినవాడు, ఉస్మానియాలో చదివినవాడు. అంతే, మా నాన్నకి ఇంకేం కావాలి! "రహీం సాబ్ మా ఉస్మానియా ఆయన" అని సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెప్పేవారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారన్నది మా ఇంట్లో ఎక్కాలతో పాటు నేర్చుకున్న విషయం. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడన్నది కూడా.

నాన్న తర్వాత మా ఊరికి తిరిగొచ్చి సోషల్ టీచరుగా చేరారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మనవాళ్ళు దక్షిణ కొరియాని 2-1తో గెలిచారు. తలకి కట్టు కట్టుకుని ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. ఆ తర్వాతి జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారు పతకం రాలేదు. హైదరాబాద్ ఆట కూడా మెల్లమెల్లగా చితికిపోయింది. పేపర్లో ఆ వార్తలు రావడం తగ్గిపోయింది. మా నాన్న మాత్రం చివరిదాకా ఆటల పేజీ తెరిచి ముందు ఫుట్‌బాల్ ఉందేమోనని చూసి, లేకపోతే మడిచి పక్కన పెట్టేవారు.

ఈ కథలన్నీ ఆయన చెప్పింది మా అన్నయ్యకీ తమ్ముడికీ. వాళ్ళు మంచం మీద ఆయనకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు. నేను వంటింటి గుమ్మంలో, చేటలో బియ్యం ఏరుతూ వినేదాన్ని. నాకు చెప్పలేదని కాదు, వినొద్దనీ అనలేదు. నాకు చెప్పాలన్న ఆలోచన ఆయనకి రాలేదు, అంతే.

అయితే ఒక్క విషయం మాత్రం నాకు నేరుగా చెప్పారు. సెలవుల్లో మేం ముగ్గురం అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు అరగదీసుకుని వేసేవాళ్ళం. ఒకరోజు మా అన్నయ్య కాయలన్నీ చంపి నేను గెలిచాను. వాడు పిక్కలు విసిరికొట్టి లేచిపోయాడు. నేను పాపమని వాడి వెనకాల పడి బతిమాలుతున్నాను. నాన్న నన్ను ఆపారు.

"నువ్వు పోవద్దమ్మా. ఓడినోళ్ళే ముందు రావాలె. గెలిచినోళ్ళు పోతే ఎక్కిరించినట్టుంటది."

తర్వాత అన్నయ్యని పిలిచి, నా దగ్గరికొచ్చి "నువ్వే గెలిచావు" అని నోటితో చెప్పించారు. చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ చెప్పాడు వాడు. "ఇట్లనా?" అని మళ్ళీ చెప్పించారు. స్కూల్లో కబడ్డీకైనా వాలీబాల్‌కైనా ఆయనది అదే పద్ధతి. కల్లూరు నుంచి, ఏన్కూరు నుంచి పిల్లలొచ్చి ఆడితే, ఓడిన జట్టు ముందు నడిచి వెళ్ళి గెలిచినవాళ్ళకి చేయివ్వాలి. అదయ్యాకే ఇద్దరికీ బొరుగులు, బెల్లం. మా ఇంట్లో అది "నాన్న రూలు". మా పిల్లల నాటికి "తాతయ్య రూలు" అయింది.

1981లో నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. కాలేజీ అంటే ఖమ్మం పోవాలి. ఆడపిల్ల రోజూ బస్సులో అంత దూరమా అన్నారు ఇంట్లో. మా అన్నయ్య అప్పటికే ఉస్మానియాలో ఉన్నాడు, మా నాన్న నడిచిన మెట్ల మీదే నడుస్తున్నాడు. తర్వాత తమ్ముడూ వెళ్ళాడు. నన్ను 1984లో ఇదే ఊళ్ళో, ఎరువుల దుకాణం ఉన్న ఇంట్లో ఇచ్చారు. మంచి మనిషిని చూసి ఇచ్చారు, నాకు అందులో ఫిర్యాదు లేదు. కానీ మా కాలేజీ అని చెప్పుకోడానికి నాకు ఒక కాలేజీ లేకుండా పోయింది. మా అన్నదమ్ములు కలిసినప్పుడు హాస్టలు కబుర్లు మొదలుపెడితే నేను ప్లేట్లు తియ్యడానికి లేచేదాన్ని.

2009లో మా అబ్బాయి ఒహాయోకి ప్రయాణమయ్యాడు. బ్యాంకు లోను, దుకాణం మీద అప్పు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అదే ఏడాది మా అమ్మాయికి హైదరాబాదులో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఇద్దరికీ ఒకేసారి ఎలా అని మా వారు తల పట్టుకున్నారు. దగ్గర్లో డిగ్రీలో చేర్పిద్దామా అన్నారు. నేను నా గాజులు తీసి బల్ల మీద పెట్టాను. మాట్లాడితే ఏడుపొస్తుందని మాట్లాడలేదు. ఆయన గాజులు నాకే తిరిగిచ్చేసి మర్నాడు వెళ్ళి ఫీజు కట్టేసి వచ్చారు. అప్పు ఎక్కడ పుట్టిందో నేను అడగలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా నాన్న వచ్చారు. అప్పటికి ఆయనకి డెబ్భై. చేతికర్రతో రెండు వీధులు నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నీ సంగతిలో నేను ఓడిపోయిన తల్లీ. ముందు నేనే రావాలె గదా, వచ్చిన."

నాకేం చెప్పాలో తెలియలేదు. టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళాను. ఆ టీలో పంచదార వేయడం మర్చిపోయానని నా గ్లాసు నేను తాగినప్పుడు తెలిసింది. ఆయన ఏమీ అనకుండా తాగేసి వెళ్ళారు. ఇరవై ఎనిమిదేళ్ళు నాలో ఉన్నది ఆ ఒక్క సాయంత్రంతో పోయిందంటే అబద్ధం. కానీ ఆ తర్వాత అన్నదమ్ముల కాలేజీ కబుర్లప్పుడు లేచి వెళ్ళడం మానేశాను.

అబ్బాయి ఒహాయోకి వెళ్ళిన మొదటి ఏడాది ఆ ఆట రూల్స్ కూడా తెలీదన్నాడు. రెండో ఏటికి ఫోన్లో అదే గోల. చదువు 2011లో అయిపోయి అక్కడే కొలంబస్‌లో ఉద్యోగం వచ్చాక ఇంకా ముదిరింది. 2013లో అమ్మాయికి మిషిగన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చినప్పుడు వాడి మొదటి మాట, "నీకు ఆ ఒక్క కాలేజీయే దొరికిందా?" తన దగ్గరే చేరమన్నాడు, ఇంట్లోనే ఉండొచ్చు, ఖర్చు తగ్గుతుందన్నాడు. "నాకు కావలసిన కోర్సు అక్కడుందన్నయ్యా" అని ఇది కదల్లేదు. నాకు లోపల ఎంత సంతోషమో. వాడి మాట కాదన్నందుకు కాదు, నాకిది కావాలి అని చెప్పగలిగినందుకు.

ఆ నవంబరులోనే మొదటి పరీక్ష. మిషిగన్ వాళ్ళ సొంత మైదానంలో ఒహాయో 42-41తో గెలిచింది. ఆఖరి నిమిషంలో మిషిగన్ వాళ్ళు ఒక పాయింటుతో సమం చేసుకునే వీలుండి కూడా, రెండు పాయింట్లకి ప్రయత్నించి గెలుద్దామనుకుని పోగొట్టుకున్నారు. ఒక్క పాయింటు తేడా! అమ్మాయి హాస్టల్ గదిలో ఏడ్చిందట. మావారు ఫోన్ చేసి ఒకటే అడిగారు, "తాతయ్య రూలు గుర్తుందా?" అని. అది అన్నకి ఫోన్ చేసి "మీరే గెలిచారు" అంది. ఆ సంగతి చెబితే మా నాన్న తెగ నవ్వారు. "చేతులతో ఆడేదాన్ని ఫుట్‌బాల్ అంటారా?" అని విసుక్కుంటూనే స్కోరు రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తర్వాతి ఏడాది ఆయన పోయారు.

ఇక అక్కణ్ణుంచి ప్రతి నవంబరూ అమ్మాయే ఫోన్ చేయాల్సి వచ్చింది. 2016లో ఆట రెండుసార్లు అదనపు సమయానికి వెళ్ళి 30-27తో పోయింది. 2018లో మేమిద్దరం అక్కడే ఉన్నాం. కొలంబస్‌లో వాడింట్లో. ఆ వారమంతా యూనివర్సిటీలో బోర్డుల మీద ఎక్కడ "ఎం" అక్షరం కనబడినా ఎర్ర టేపుతో కొట్టేశారు. శత్రువు పేరులో మొదటి అక్షరం కదా! ఒకరు "ఓ, హెచ్" అని అరిస్తే ఎదురుగా వచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళు "ఐ, ఓ" అంటారు. గోవిందా అంటే గోవిందా అన్నట్టు. మా వారికి అది భలే నచ్చింది. కూరగాయల షాపులో కూడా అరుస్తుంటే నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

వాళ్ళ జట్టు గుర్తు బకై అనే చెట్టు గింజ. దాని పేరుతో ఒక మిఠాయి చేస్తారు. పల్లీ ముద్దని ఉండలు చుట్టి, పైన కొంచెం వదిలేసి చాక్లెట్‌లో ముంచుతారు. కోడలు చేసి పెడితే తిన్నాను. "ఇది మన పల్లీ ఉండకి కోటు తొడిగినట్టుందే" అన్నాను. మర్నాడు నేను పల్లీలు వేయించి, బెల్లం పాకం పట్టి అసలు ఉండలు చేశాను. కోడలు వాటిని కూడా చాక్లెట్‌లో ముంచింది. అల్లుడు డెట్రాయిట్ దగ్గర్నుంచి కారులో అమ్మాయినీ, నెలల పిల్లాణ్ణీ తీసుకొచ్చాడు. నీలం చొక్కాలో ఉన్న ఆ పసివాణ్ణి మామ ఎత్తుకుని ఎర్ర టోపీ పెట్టాడు. అమ్మాయి తీసేసింది. వాడు మళ్ళీ పెట్టాడు. 62-39తో ఒహాయో గెలిచింది. అమ్మాయి లేచి, సోఫా చుట్టూ తిరిగి వచ్చి అన్నకి చెయ్యిచ్చి "మీరే గెలిచారు" అంది. "ఎన్నేళ్ళయిందే ఇట్లా?" అన్నాడు మా వాడు. ఆ రోజు మా వారు నవ్విన నవ్వు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

2020లో మిషిగన్ జట్టులో కోవిడ్ కేసులు రావడంతో ఆట రద్దయింది. 1918 తర్వాత ఆట లేని ఏడాది అదే మొదలు. "ఈసారి ఎవరూ ఫోన్ చేయక్కర్లేదన్నమాట" అన్నారు మా వారు. ఇద్దరూ చేశారు.

తర్వాతిది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

2021 ఫిబ్రవరిలో అబ్బాయి మా ఇద్దరికీ మార్చి నెలకి టికెట్లు తీశాడు, కొన్నాళ్ళు తన దగ్గర ఉండమని. అమ్మాయి వద్దంది. అన్ని గంటలు విమానంలో, ఎయిర్‌పోర్టుల్లో, టీకా కూడా పడకుండా ఎందుకు, రెండు డోసులూ అయ్యాక వేసవిలో రండి అంది. సబబుగానే ఉందనిపించింది. మా వారికి కూడా దుకాణం వదిలి వెళ్ళడం ఇష్టం లేదు. టికెట్లు రద్దు చేశారు. ఏప్రిల్లో రెండో వేవ్ వచ్చింది. మే నెలలో ఆయన్ని ఖమ్మం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తొమ్మిది రోజులు. పదో రోజు తెల్లవారుజామున ఫోను వచ్చింది.

పిల్లలిద్దరూ రాలేకపోయారు. మా బావగారి కొడుకు చేశాడు అన్నీ. వీళ్ళు అక్కడ రెండు ఇళ్ళల్లో రెండు తెరల ముందు కూర్చుని చూశారు. పదకొండో రోజు అయ్యాక, మా అబ్బాయి చెల్లెలితో ఒక మాట అన్నాడు. "నువ్వు ఆపకపోయుంటే నాన్న ఇక్కడ ఉండేవాడు."

నేను ఆ ఫోన్లోనే ఉన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆరు నెలలు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. నాకు ఇద్దరూ రోజూ చేసేవాళ్ళు, విడివిడిగా. ఒకరి గురించి ఒకరు అడిగేవాళ్ళు కాదు. రాఖీ పంపావా అని అమ్మాయినడిగితే "పోస్టు ఆలస్యమవుతోందమ్మా" అంది. నాకు భర్త పోయిన దుఃఖం ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్ళు ఇంకా దూరమవుతారు. ఎరువుల కొట్టోడి పెళ్ళాన్ని కదా, రెండు పంటలకీ మధ్యన నిలబడ్డాను. వాడన్నది తప్పని నాకు తెలుసు. వాడు తండ్రిని చివరిచూపు చూడలేక ఆ మంట ఎవరిమీదో ఒకరిమీద పోశాడనీ తెలుసు. తప్పని చెప్పబోతే వాడు "నాకు పనుందమ్మా" అని పెట్టేసేవాడు.

నవంబరు 27 వచ్చింది. అంతకుముందు ప్రతి ఏడాదీ ఆ రాత్రి మా వారు ట్యాబ్‌లో స్కోరు చూస్తూ, నాకు అర్థమైనా కాకపోయినా చెబుతూ ఉండేవారు. అక్కడ మధ్యాహ్నం 12 గంటల ఆట మనకి రాత్రి పదిన్నర. ఆ రోజు నేను పడుకుందామనుకున్నాను. నిద్ర రాలేదు. లేచి టీ పెట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టె పక్కనే ఉన్న ట్యాబ్ చార్జింగ్ పెట్టి తెరిచాను. మిషిగన్‌లో మంచు పడుతోంది. లక్షకు పైగా జనం పట్టే ఆ మైదానం మంచులో కూడా నిండిపోయింది. అర్ధరాత్రి దాటాక స్కోరు చూస్తే మిషిగన్ ముందుంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. 2011 తర్వాత వాళ్ళు ఒక్కసారి కూడా గెలవలేదు. మా అమ్మాయి ఆ కాలేజీలో అడుగుపెట్టాక అసలు గెలుపన్నదే లేదు. అంటే మా అబ్బాయికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ముందు ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు.

రెండు దాటాక ఆట అయిపోయింది. 42-27. మిషిగన్ గెలిచింది.

నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వాడికి చేసి గుర్తు చేద్దామా అనుకున్నాను. మా వారైతే చేసేవారేమో. కానీ నేను చెబితే వాడు చేసింది వాడిది కాదు, నాదవుతుంది. గోడకేసి చూస్తూ "నువ్వే గెలిచావు" అన్న మా అన్నయ్య గుర్తొచ్చాడు. చేయలేదు. రెండున్నర అయింది. మూడయింది. వీధిలో కుక్కలు మొరిగి ఊరుకున్నాయి. టీ గిన్నె కడిగి బోర్లించాను. ఇంక లేదులే అనుకుని లైటు ఆర్పబోతుంటే ఫోను మోగింది. అమ్మాయి.

"అమ్మా, అన్నయ్య చేశాడు."

ఇంక దానికి మాట రాలేదు. నాకూ రాలేదు. కాసేపటికి తేరుకుని చెప్పింది. "మీరే గెలిచారు" అన్నాడట. తర్వాత చాలాసేపు ఇద్దరూ ఊరికే ఉన్నారట. పెట్టేస్తాడేమో అనుకుందట. అప్పుడు వాడు అన్నాడట, "ఆ టికెట్ల సంగతిలో కూడా నేనే ముందు చేయాల్సింది చెల్లీ. ఆలస్యమైపోయింది."

వాళ్ళిద్దరూ ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. క్రిస్మస్ సెలవుల్లో వాడు భార్యాపిల్లల్ని తీసుకుని మూడు గంటలు కారు నడిపి చెల్లెలింటికి వెళ్ళాడు. ఆగస్టులో కట్టాల్సిన రాఖీ డిసెంబర్లో కట్టించుకున్న ఫోటో పంపించారు. ఒకే మాటతో అంతా బాగైపోయిందని చెప్పను. ఇప్పటికీ నాన్న ఆఖరి రోజుల ప్రస్తావన వస్తే ఇద్దరూ జాగ్రత్తగా మాట్లాడతారు. కానీ మాట్లాడతారు.

మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటాయి. తోబుట్టువులు ఒక మాట దగ్గర ఆగిపోయి ఏళ్ళు గడిపేస్తారు. క్షమించమని అడగడం కష్టం. నోరు పెగలదు. అందుకే ఇంట్లో ఎప్పుడూ చిన్న చిన్న ఆటలూ ఓటములూ ఉండాలేమో అనిపిస్తుంది నాకు. ఏడేళ్ళు వరసగా మా అమ్మాయి నవ్వుకుంటూ, ఏడ్చుకుంటూ చేసిన ఆ ఫోన్లే వాళ్ళన్నకి దారి వేసి పెట్టాయి. కొత్తగా దారి కొట్టాలంటే వాడి వల్ల అయ్యేది కాదు.

2022 మార్చిలో గోవాలో జరిగిన ఐ.ఎస్.ఎల్. ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్.సి. కేరళ జట్టుని పెనాల్టీలలో ఓడించి కప్పు గెలిచిన రాత్రి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "నాన్న ఉంటే బాగుండేదే" అన్నాడు. రహీం సాబ్ మీద హిందీలో "మైదాన్" సినిమా 2024లో వచ్చినప్పుడు ముగ్గురం మా తమ్ముడింట్లో కూర్చుని చూశాం. మధ్యలో ముగ్గురి ఇంట్లో ఎవరికి ఏ కథ ఎక్కువ గుర్తుందో పందెం. ఎక్కువ నాకే గుర్తున్నాయి. గుమ్మంలో కూర్చుని విన్నదాన్ని కదా, మధ్యలో నన్ను ఎవరూ ప్రశ్నలు అడగలేదు, శ్రద్ధగా విన్నాను.

ఇక మిషిగన్ వాళ్ళు ఆ గెలుపు తర్వాత ఆపలేదు. 2024తో కలిపి వరసగా 4 సార్లు గెలిచారు. ఆ ఏడాది 13-10. మా అబ్బాయి ఆ సాయంత్రం మరీ దిగాలుపడి గరాజ్‌లోకి వెళ్ళి కూర్చున్నాడట. వాడి కూతురికి పదేళ్ళు. ఎర్ర చొక్కా వేసుకుని, బుగ్గల మీద గింజ బొమ్మలు గీయించుకుని పొద్దుటి నుంచీ టీవీ ముందు నుంచి కదలని పిల్ల. అది కళ్ళు తుడుచుకుని, వాళ్ళమ్మ ఫోను తీసుకుని, వాళ్ళ నాన్న కన్నా ముందే మేనత్తకి ఫోన్ చేసిందట. దానికి తెలుగు అంతంతమాత్రం. అయినా ఆ రెండు మాటలూ తెలుగులోనే చెప్పిందట.

"మీరే గెలిచారు అత్తా."

ఎవరు చెప్పమన్నారే అని నేను తర్వాత అడిగితే, "ఎవరూ చెప్పలేదు నానమ్మా. మనం అలాగే చేస్తాం కదా" అంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "నానమ్మా, నీ టీమ్ ఏది? ఆరెంజ్ చీర కట్టుకుంటావు, బ్లూ చీర కూడా కట్టుకుంటావు. చీటింగ్."

ఒక్క క్షణం ఆలోచించి "హైదరాబాద్ సిటీ పోలీస్" అన్నాను. అది పకపకా నవ్వింది. పోలీసుల టీమా, దొంగలతో ఆడతారా అంది.

దానికి తాతయ్య బాగా గుర్తున్నాడు, "ఐ, ఓ" అని అరిచిన తాతయ్య. ముత్తాత ఎవరో తెలియదు. ఈసారి వాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు అరుగు మీద అష్టాచెమ్మా గీతలు గీయాలి. చింతపిక్కలు ఇప్పటికే అరగదీసి డబ్బాలో వేసి పెట్టాను. ఆట మొదలుపెట్టేముందు దానికి రహీం సాబ్ కథ చెప్పాలి.